లారీ వచ్చే యాళ్లకు చిట్టెమ్మ బొంత

కుట్టు పని నేర్చుకుంటున్న ఆడపిల్లల కోసం ఇది రాస్తున్న. మగపిల్లలు చదివినా నష్టం లేదు. నాకు అక్షరాలు నలభై దాటినంక వచ్చినయి. అందుకని సుట్టూ తిప్పి రాసుడు నాకు రాదు. సూటి కుట్టు ఒక్కటే వచ్చు. అది చాలనుకుంట.

వనపర్తి బజార్ల ఒక సందుల, ఒక్క షట్టరు గదిల నా బతుకంత గడిచింది. మోకాళ్లు ఇగ మావల్ల కాదన్నంక దుకాణం మూసిన. కానీ ఇప్పటికీ ఎవరింట్లనన్న మిషన్ టకటక ఇనపడితే నా కుడికాలు దానంతట అదే కదులుతది. పక్కన కూసున్నోళ్లు చూసి, "ఏమైందమ్మా, తిమ్మిరెక్కిందా?" అని అడుగుతరు. తిమ్మిరి కాదు, సంబురం. ఈ పనిల సంబురం ఉంటది. అది లేనోళ్లు కుట్టు నేర్వకుండ్రి, వేరే పని సూసుకోండ్రి. ముందే చెప్తున్న, తర్వాత నన్ను తిట్టొద్దు.

మా మాస్టరు, బొంతలు

నేను పని నేర్చిన మాస్టరు జాకెట్ల మనిషి. చంక కింద ముడుత పడకుండ కత్తిరించుడు ఆయన లెక్క ఎవ్వరికీ రాదు, ఒప్పుకుంట. కానీ ఎవరన్న బొంత పట్టుకొని గడప ఎక్కితే మూతి తిప్పుతుండె.

"ఇది టైలరు దుకాణమా, పాత గుడ్డల సంతనా?" అనేటోడు. వాళ్లు మూట ఎత్తుకొని పోయినంక నా దిక్కు తిరిగి, "యాది పెట్టుకో. బొంత కుట్టిన మిషన్ కొన్నాళ్లకు బొంతనే అయితది" అంటుండె.

బొంత అంటే ఏందో మీకు తెలుసు. పాత చీరెలు, ధోతులు, చిరిగిన లుంగీలు పొరల మీద పొరలు పరిచి, కదలకుండ కచ్చా కుట్లేసి, ఆ మీద దగ్గర దగ్గర వరుసలు కుడతరు. ఆ పొరల్ల ఏండ్ల దుమ్ముంటది. అది మిషన్ల పోయి నూనెతోని కలిసి జిగురైతది. సూదులు ఇరుగుతయి, దారం గడ్డ కడతది. మిషన్ సంగతి మా మాస్టరు చెప్పింది నిజమే. మనుషుల సంగతే ఆయనకు తెల్వదు. పెండ్లి జాకెట్టు ఒక్క పూట తొడుగుతరు, పెట్టెల పెడతరు. బొంత కప్పుకొని పిల్లలు పెద్దోళ్లయితరు. నేను సొంతంగ దుకాణం పెట్టినంక ఆయన ఎల్లగొట్టిన బొంతలన్నీ నా కాడికే వచ్చినయి. జాకెట్లు ఎక్కడోళ్లన్న కుడతరు, బొంతకైతె నన్నే అడుగుతుండ్రి.

ఒక్క సంగతి ఇక్కడనే చెప్త, తర్వాత పనికొస్తది. చేతి బొంత అంచుల మొదలైతది, సుట్టూ తిరుక్కుంట తిరుక్కుంట నడిమికి పోతది. మిషన్ బొంత గట్ల కాదు. నడిమిట్ల మొదలుపెట్టి అంచుకు పోవాలె. లేకుంటె వదులైన గుడ్డంత నడిమికి జరిగి బుర్ర లెక్క ఉబ్బుతది. ఈ ఒక్క తేడా నన్ను ఒకనాడు పొద్దంత పరేషాన్ చేసింది. ఆ ఒక్కరోజు సంగతే మీకు చెప్తున్న. ముప్పై ఏండ్ల పని అంతా ఆ ఒక్కరోజుల ఉన్నది.

చిట్టెమ్మ మూట ఇప్పింది

రెండువేల సంవత్సరం దాటినంక కొన్నేండ్లకు, చలికాలం. నా పాత మిషన్‌కు ఆ ఏడే మోటరు పెట్టించిన. కాలు ఊరికె అట్ల ఆనిస్తె చాలు, రయ్యిమని ఉరుకుతుండె. నాకైతె బస్సు నడిపినంత గర్వం. సందుల పోయేటోళ్లను పిలిచి చూపిస్తుంటి.

పొద్దుగాల షట్టరు ఎత్తంగనె ఇద్దరు ఆడోళ్లు వచ్చిండ్రు. వీపనగండ్ల దిక్కు నుంచి మొదటి బస్సుకు దిగిండ్రు. పెద్దామె చిట్టెమ్మ, నెత్తి మీద మూట. ఎనుక ఆమె బిడ్డ పద్మ, సంకల నెలల పసిపిల్ల.

"అక్కా, కౌదులు కుట్టేది నువ్వేనా?" అన్నది చిట్టెమ్మ.

కౌది అన్నదంటే గద్వాల దిక్కు పుట్టిందన్నట్టు. కృష్ణ అవుతల, కన్నడపోళ్ల పొత్తున్న ఊర్లల్ల బొంతను కౌది అంటరు.

"నేనే. ఎప్పటికి గావాలె?"

"ఇయ్యాల మాపటికి."

"ఇయ్యాలనా? నీకు మతి ఉన్నదా చెల్లె?"

పద్మ నవ్వింది. "మా అమ్మకు మతి ఉన్నది పెద్దమ్మా. మా మేస్త్రికే లేదు."

సంగతి ఏందంటే, పద్మ మొగడు పూణె దిక్కు కాల్వ పనికి మేస్త్రి కూలీల గుంపుల చేరిండు. పద్మ తల్లిగారింట్ల పురుడు పోసుకొని, మొగనితోని, పిల్లతోని సీదా అక్కడికే పోవాలె. పురిటి బిడ్డను పంపేటప్పుడు తల్లి బొంత పెట్టి పంపాలె, అది మన దిక్కు పద్ధతి. చిట్టెమ్మ నెల పట్టినా చేత్తోనే కుడదామని అన్నీ పరిచి కచ్చా కుట్లు ఏసుకున్నది. ఇంతల మేస్త్రి కబురు పంపిండు. లారీ ముందుగాల్నే వస్తున్నది, ఫలానా పొద్దు దీపాల యాళ్లకు వనపర్తి చౌరస్తాల ఉండాలె, లేకుంటె లేదని. ఆ పొద్దే ఈ పొద్దు.

"అక్కడ కాల్వ గట్టు మీద ప్లాస్టిక్ కవర్ల గుడిసెలంట అక్కా" అన్నది చిట్టెమ్మ. "కింద తడి మన్ను. పసిదానికి కింద పరిచేది ఇదే, మీద కప్పేది ఇదే. ఇంట్ల ఉన్న పాత గుడ్డలన్నీ ఈ బొంతలనే పెట్టిన. ఇది కాకుంటె ఇంకోటి లేదు."

ఉత్త కచ్చా కుట్ల బొంతను ఒక్క వారం పరిచి లేపితే పొరలు దేనికది ఊడి, గుడ్డ పేలికలైతయి. అది నాకు తెలుసు, ఆమెకూ తెలుసు.

నేను ఎవ్వరికీ ఇన్ని గంటలకని మాట ఇయ్యను. మీరు గూడ ఇయ్యకుండ్రి. మిషన్ ఎప్పుడేం చేస్తదో దేవునికి గూడ తెల్వదు. కానీ చిట్టెమ్మ మూట ఇప్పి బొంత పరిచేసరికి నా చేతులాగలె. మిరపపండు రంగు చీరె, పసుపుపచ్చ చీరె, నీలి ధోతి అంచు, నాలుగు మూలల నాలుగు పూల గుడ్డలు. ఎక్కడేది పెట్టాలెనో తెలిసిన చెయ్యి. గసొంటి దాన్ని నా ముందు పరిచి కుట్టకు అంటె ఆగుతనా?

"కూసోండ్రి. చాయ్ తాగుండ్రి. మాపటికి ఇస్త" అన్న.

సూది

మిషన్ పద్ధతి ప్రకారం నడిమిట్ల నుంచి మొదలుపెట్టిన. మోటరు రయ్యిమన్నది. జానెడు కూడ కుట్టలె, టక్కుమని సూది ఇరిగింది. మొన ఎగిరి గోడకు తాకింది.

"మందమున్నది" అనుకొని లావు సూది పెట్టిన. మళ్ల అదే కాడ టక్కుమన్నది. పోనీ, నడుము వదిలిపెట్టి జర పక్క నుంచి వరుస ఏద్దామనుకున్న. ఈసారి సూది ఇరగలె గానీ కుట్టు తప్పుతున్నది. రెండు కుట్లు పడతయి, నాలుగు ఎగిరిపోతయి. కింద దారం ఉండలు ఉండలు. బాబిన్ తీసిన, తుడిచిన, నూనె పోసిన, దారం మార్చిన. ఎంత చేసినా అదే తీరు.

ఇంతల కరెంటు పోయింది. మోటరు మూలిగి ఆగింది. ఆ రోజులల్ల కరెంటు పోతే ఎప్పుడొస్తదో ఎవరు చెప్పాలె.

చిట్టెమ్మ లేచి నిలబడ్డది. "అక్కా, గిట్లెట్ల?"

"ఎట్ల ఏంది? మోటరుకు ముందు కాళ్లు లేకుండెనా?" అన్న. మోటరు పక్కకు జరిపి, అటక మీది పాత తోలు బెల్టు దించి చక్రానికి ఎక్కించిన. అది ఎండి ఎండి నిన్నటి జొన్నరొట్టె లెక్కయింది. కాలు ఆడించంగనె పటుక్కున తెగింది. కొత్తది తేవాలంటె బజారుకు పోవాలె, మళ్ల సైజు కొయ్యాలె. పొద్దు పోతున్నది.

చిట్టెమ్మ గాజులకు పెట్టుకున్న పిన్నీసు తీసి నా చేతిల పెట్టింది. బెల్టు రెండు కొసలకు తూట్లు పొడిచి, పిన్నీసు వంచి కలిపిన. చక్రం తిరిగినప్పుడల్ల ఆ పిన్నీసు కట్కు కట్కుమని సప్పుడు. పసిపిల్ల ఆ సప్పుడుకు కండ్లు తెరిచి చూసింది.

"దీనికి నచ్చింది పెద్దమ్మా. ఇగ ఆపకు" అన్నది పద్మ.

బెల్టు నిలిచింది గానీ కుట్టు తప్పుడు ఆగలె. నాకు కోపం లోపల్నుంచి పొంగుతున్నది. మిషన్ మీద కోపమొస్తే మిషన్‌ను తిట్టాలె. గిరాకిని తిట్టొద్దు. నేను ఆ పొద్దు చిట్టెమ్మనే తిట్టిన. "ఇన్ని పొరలు పెట్టమని నీకు ఎవరు చెప్పిండ్రు? ఇది బొంతనా, పరుపా?" అన్న. ఆమె తల వంచుకున్నది. నోటిల మాటున్నట్టె ఉన్నది, బయటికి మాత్రం రాలె. నాకప్పుడు అది అర్థం కాలె.

షుకూర్ మామ

ఎదురుగున్న చాయ్ హోటల్ల మనిషిని పంపి మిషన్లు బాగుచేసే షుకూర్ మామను పిలిపించిన. సైకిలు మీద రేకు డబ్బతోని వచ్చిండు. కింద దారాన్ని తిప్పే షటిల్ ఊడదీసి, కిటికీ కాడ వెలుతురుకు పట్టి చూసి, నా మొకం చూసిండు.

"క్యా అమ్మా, ఏం కుట్టినవ్? గడ్డపారనా?"

"బొంత మామా."

"బొంతకు షటిల్ మూతి గిట్ల పగలదు. ఇది చూడు." షటిల్ మొన మీద సన్న గీర ఉన్నది. రెండోసారి సూది ఇరిగినప్పుడు ముక్క పోయి దానికి తాకిందన్నట్టు. ఆ గీర దారాన్ని పట్టి గుంజుతున్నది, అందుకే కుట్టు తప్పుతున్నది.

గరుకు కాగితంతోని నెమ్మది నెమ్మదిగ రుద్ది, నునుపు చేసి, మళ్ల బిగించిండు. బొంత అంచు మీద పెట్టి నడిపిండు. వెన్నల కత్తి దిగినట్టు పోయింది. ఆ సప్పుడు ఇని నాకు మళ్ల పానం లేచొచ్చింది.

"లెవ్వు మామా, నేను కూసుంట" అని సీదా నడిమికి పట్టుకొచ్చిన. టక్.

షుకూర్ మామ గడ్డం గోక్కున్నడు. అంచుకు ఒకసారి, నడిమికి ఒకసారి చూసిండు.

"దేఖో, అంచున నడుస్తది, నడిమిట్ల ఇరుగుతది. మిషన్‌కు అంచేందో నడుమేందో తెల్వదు గదా. బీమారి మిషన్‌ది కాదు, బొంతది" అన్నడు.

నేను చిట్టెమ్మ దిక్కు తిరిగిన. "ఏం పెట్టినవ్ ఈ బొంతల?"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది.

"అమ్మా, చెప్పు. పొద్దు పోతున్నది" అన్నది పద్మ.

"నేను నోరు తెరువొద్దు అక్కా" అన్నది చిట్టెమ్మ. అని, దగ్గరికొచ్చి నా కుడిచెయ్యి పట్టుకున్నది. అరచెయ్యి విప్పి, బొంత నడిమిట్ల పెట్టి, పైనుంచి తన చేత్తోని గట్టిగ ఒత్తింది.

తగిలింది. మిరపపండు చీరె కింద, ఇంకా ఎన్నో పొరల కింద, చిన్న మూట. మెత్తగ గింజలు, ఆ గింజల నడుమ రాయి లెక్క ఒకటి.

మీకు నేను నేర్పగలిగేది ఏమన్న ఉంటె అది ఇదే. మిషన్ మీద ఏండ్లకేండ్లు కూసున్నోళ్లకు చెయ్యి మీద నమ్మకం పోయి, కాలి మీద పెరుగుతది. బట్టను చేత్తో తడమకుండ సూది కింద పెట్టొద్దు. నేను ఆ పొద్దు సూదులు మార్చిన, దారం మార్చిన, బెల్టు మార్చిన. అరచెయ్యి ఒక్కసారి ఆనించి ఉంటె పొద్దుగాల్నే తెలిసేది.

కౌది కడుపు

పద్మకు అర్థమైంది. నెత్తి కొట్టుకున్నది.

"కౌది కడుపు పెట్టినవా? అయ్యో అమ్మా." నా దిక్కు తిరిగి చెప్పింది. "మా అమ్మమ్మోళ్ల ఊర్ల పద్ధతి పెద్దమ్మా. కౌది కడుపు ఖాళీగ ఉండొద్దంట. నడిమిట్ల జొన్నలు, పసుపు కొమ్ము గుడ్డల కట్టి పెడతరు. కడుపు నిండిన కౌది కప్పుకున్నోళ్ల కడుపు నింపుతదంట. పెట్టినోళ్లు నోటితోని చెప్తే ఫలం పోతదంట."

చేతి బొంతకు ఇది అడ్డం రాదు. అంచుల నుంచి కుట్టుకుంట వచ్చి, నడిమికి రాంగనె ఆ మూటను తప్పించి ఆపుతరు. కుట్టేటామెనే పెట్టిందాయె, ఎవరికీ చెప్పే పని లేదు. మిషన్ వచ్చి నడిమిట్ల నుంచే మొదలుపెడతదని ఆ పద్ధతి పెట్టినోళ్లకు ఏం తెలుసు? పసుపు కొమ్ము మీద సూది పడితే ఇరగక ఏం చేస్తది.

"మరి పొద్దట్నుంచి చూసుకుంట కూసున్నవ్?" అన్న చిట్టెమ్మతోని.

"సూది పక్కకు పోతదేమో అనుకున్న అక్కా. ఇప్పుడు పోతది, ఇప్పుడు పోతది అనుకున్న."

పద్మ నా బల్ల మీది కత్తెర తీసి ముందు పెట్టింది. "కొయ్యి పెద్దమ్మా. తీసిపారెయ్యి. గుప్పెడు జొన్నల కోసం లారీ తప్పించుకుంటమా? చిన్నప్పుడు ఇంట్ల ఏం లేక ఉత్త కడుపుతోని పండుకున్ననాడు గూడ ఇసొంటి కౌదే కప్పుకొని పండుకున్న. ఏం నిండింది?"

చిట్టెమ్మ గొంతు లేపలె. నిమ్మళంగ అన్నది. "నువ్వు బతికినవ్ గదనే. నీ ముందు ఇద్దరు బతకలె. వాళ్లకు కౌది కుట్టే తీరిక దొరకలె నాకు."

షుకూర్ మామ రేకు డబ్బ మూత పెట్టుకుంట ఆగిపోయిండు. పద్మ పిల్లను ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకున్నది. 

ఇప్పుడు మీరు చెప్పుండ్రి, టైలరు ఏం చెయ్యాలె? మా మాస్టరైతే బొంతను మూట కట్టి చేతిల పెట్టేటోడు. చదువుకున్న పిల్లలైతె, ఇది మూఢనమ్మకమని కోసి పారేసేటోళ్లు. నాకు ఆ నమ్మకం ఉన్నదా లేదా అని అడిగితే, లేదు. జొన్నలు కడుపుల పడితేనే ఆకలి తీరుతదని నమ్మేదాన్ని. కానీ బొంత నాది కాదు. గిరాకి వస్తువు మన చేతికి వస్తే మన పని కుట్టుడు. అండ్ల ఏముండాలెనో, ఏముండొద్దో చెప్పుడు మన పని కాదు.

కత్తెర పక్కకు పెట్టి సుద్ద తీసిన. ఆ మూట సుట్టూ, చాయ్ సాసరంత గుండ్రంగ గీత గీసిన.

"ఇగో చిట్టెమ్మా. గీత లోపల నీది, గీత బయట నాది. నా మిషన్ గీత దాటి రాదు. నీ చేతి కుట్టు గీతకు తక్కువ కావొద్దు. లావు సూది ఇస్త, కూసో."

రెండు దిక్కుల నుంచి

ఆ మధ్యాహ్నం తర్వాత జరిగిన పని తలుచుకుంటె ఇప్పటికీ నా కాలు ఆగదు.

ఒక దిక్కు నేను, ఎదురుంగ నేల మీద చిట్టెమ్మ, నడుమ బొంత. నేను గీత అంచు నుంచి బయటికి వరుసలేస్తున్న. ఆమె లోపల మూట సుట్టూ చేత్తో కుడుతున్నది. నా మిషన్ గుడ్డను గుంజితే ఆమె గూడ బొంతతోనే నా దిక్కు జరిగి వస్తుండె. మళ్ల ఎనుకకు జరుగుతది, మళ్ల గుంజుకొస్తది.

"అక్కా, నన్ను గూడ కుట్టేటట్టున్నవ్" అన్నది. పొద్దట్నుంచి ఆమె నవ్వింది అప్పుడే.

బొంత బరువు మిషన్ మీద పడితే కుట్టు వంకర పోతది. ఎవరన్న ఎత్తి పట్టాలె. షుకూర్ మామ పోయేటోడు పోకుండ దాన్ని రెండు చేతుల మీద ఎత్తుకొని నిలబడ్డడు.

"నేను మెకానిక్‌నా, పల్లకి మోసేటోన్నా?" అని సణుగుతనే ఉన్నడు, చేతులు మాత్రం దించలె.

పద్మ గోడకు ఒరిగి పిల్లకు పాలిస్తుంట, ఇంకో చేత్తో బాబిన్లకు దారం చుడుతున్నది. పిన్నీసు కట్కు కట్కుమంటున్నది. కరెంటు రాలె, వచ్చినా నేను చూసేదాన్ని కాదు. నా కాలు, చక్రం, సూది అన్నీ ఒక్క లయల పడ్డయి. పొట్ల ఆకలి లేదు, మోకాలి నొప్పి లేదు. ఒక్కో వరుస పడుతుంటె గుడ్డ కుట్ల నడుమ పూరీ లెక్క పొంగుతుండె. నాలుగు పొరలు, ఐదు పొరలు అనేది పోయి, అది ఒక్కటే వస్తువు అయితుంటది. ఆ అయ్యేది చేతికి తెలుస్తది. దాని కోసమే ఈ పనిల ఉన్న. ఇంకో దాని కోసం అని ఎవరన్న చెప్తే అబద్ధం.

చిట్టెమ్మ గీత కాడికి వచ్చేసరికి నేను రెండు దిక్కుల అంచులు ముగించిన. ఆమె చేతి కుట్టు, నా మిషన్ కుట్టు సుద్ద గీత మీద కలిసినయి. ఏది ఎవరిదో దగ్గరికి వంగి చూస్తేనే తెలుస్తది.

మూడో మూల అయ్యేసరికి సందుల నీడ పడ్డది. పద్మ మొగడు ఉరుక్కుంట వచ్చిండు, చెప్పులు చేతిల పట్టుకొని.

"లారీ వచ్చింది. అందరెక్కిండ్రు. మేస్త్రి బండబూతులు తిడుతుండు. నడువుండ్రి."

"ఇంకొక్క మూల నాయినా."

"మూల లేదు గీల లేదు పెద్దమ్మా. వాడు ఆగడు."

మిషన్ పాదం ఎత్తి బొంత గుంజిన. నాలుగో మూల పూల గుడ్డ ఊగులాడుతున్నది. చిట్టెమ్మ లావు సూదికి బారెడు దారం ఎక్కించి ఆ మూలకు గుచ్చింది. అట్లనే మడిచి, పద్మ మొగడు ఒక కొస, షుకూర్ మామ ఒక కొస ఎత్తుకొని ఉరికిండ్రు. ఎనుక పద్మ, చిట్టెమ్మ. నేను షట్టరు గూడ దించలె, వాళ్ల ఎనుకనే ఉరికిన. అట్ల బజార్ల ఉరుకుడు నా వయసుకు పద్ధతి కాదు. ఉరికిన.

చౌరస్తాల లారీ బుసలు కొడుతున్నది. లోపల తట్టలు, గడ్డపారలు, గిన్నెలు, మనుషులు. పద్మను చేతులు పట్టి పైకి గుంజిండ్రు. పిల్లను అందించిండ్రు. అందరికన్న ఆఖరికి బొంత పైకి పోయింది.

చిట్టెమ్మ కింద నుంచి అన్నది. "ఆ మూల కుట్టుకో బిడ్డా. దారం తెంపకు."

"నాకు కుట్టు రాదమ్మా" అన్నది పద్మ. పొద్దట్నుంచి గట్టిగ మాట్లాడిన పిల్ల బొంతను ఒడిలకు గుంజుకున్నది.

చిట్టెమ్మ లారీ అంచు పట్టుకున్నది. నేనే చెప్పిన. "వస్తదిలే. చలి పెడితే అదే వస్తది."

లారీ కదిలింది. రోడ్డు మలుపు తిరిగేదాక ఆ మిరపపండు చీరె రంగు కనపడ్డది.

తర్వాత

వానలు పడ్డంక గుంపులు ఇండ్లకు తిరిగి వస్తయి. ఒకనాడు నేను అచ్చంపేట గిరాకి బొంత ఒకటి పరుచుకొని చేత్తో తడుముతున్న. అప్పటికే తడమకుండ ఏదీ సూది కింద పెట్టుడు లేదు. గడపల పద్మ నిలబడ్డది. నెత్తి మీద మూట. చెయ్యి పట్టుకొని తప్పటడుగులేస్తున్న ఆడపిల్ల.

"పెద్దమ్మా, అంచులు పోయినయి. జర కుట్టియ్యి."

"మీ అమ్మ ఎట్లున్నది?"

"కలుపుకు పోయింది. నిన్ను అడిగినట్టు చెప్పమన్నది. పిన్నీసు ఉంచుకొమ్మన్నది."

ఆ పిన్నీసు నా బెల్టుకే ఉన్నది. చూపించిన. పద్మ నవ్వింది.

మూట ఇప్పితే సిమెంటు, పొగ కలిసిన వాసన. అంచులు నలిగినయి గానీ నడిమి గట్టిగున్నది. నేను ముందుగాల నాలుగో మూల చూసిన. కుట్టి ఉన్నది. మనం ఇచ్చిన దారం సగంల అయిపోయినట్టున్నది. మిగిలింది సిమెంటు సంచుల మూతికి ఉండే దారం పీకి కుట్టింది. కోడి గీరినట్టు వంకర టింకర. కొసలు పట్టి గుంజి చూసిన. కదలలె.

"ఎవరు నేర్పిండ్రు?"

"చలి" అన్నది పద్మ.

అలవాటు ప్రకారం బొంత పరిచి అరచెయ్యి ఆనించిన. నడిమికి వచ్చేసరికి ఆగిన.

పాత మూట తగిలింది, గింజలు, నడుమ రాయి లెక్క కొమ్ము. దాని పక్కన ఇంకోటి. చిన్నది, కొత్తది. గింజలు జొన్నల కన్న పొడుగున్నయి, గోధుమలు కావచ్చు, ఆ దిక్కు అవే తింటరు. పైనుంచి చేతి కుట్టు, అదే సిమెంటు సంచి దారం.

తల ఎత్తి చూసిన. పద్మ బయట పిల్లను చూస్తున్నట్టు మొకం అటు తిప్పుకొని నిలబడ్డది. నేను అడగలె. అడిగితే ఆమె చెప్పొద్దు, ఆ సంగతి నాకు తెలుసు.

సుద్ద చేతికి తీసుకున్న. ఆమె ఇటు తిరగకుండనే ఒక్క మాటన్నది.

"పెద్దమ్మా, గీత ఈసారి జర పెద్దగ గియ్యి."